సోడియం సల్ఫైడ్ 60% ఫ్లేక్స్ రివ్యూ: ఎండకీ వానకీ పడి ఉన్న ఓర్‌ను తేల్చగలవా?

ఫ్లోటేషన్ ప్లాంటు (నలిపిన రాయిని నీళ్లలో కలిపి, లోహ ఖనిజాన్ని బుడగలతో తేల్చి వేరుచేసేది) నుంచి సోడియం సల్ఫైడ్‌కు ఇండెంటు వచ్చిందంటే, యార్డులో ఓర్ (గని నుంచి తవ్విన ముడి ఖనిజ రాయి) చాలాకాలంగా పడి ఉందనో, గని పై పొరల నుంచి వస్తోందనో అనుకోవచ్చు. రికవరీ, అంటే ఓర్‌లోని లోహంలో చేతికొచ్చే వంతు, తగ్గుతుంది. కలెక్టర్ (ఖనిజానికి అతుక్కుని దాన్ని బుడగకు పట్టించే రసాయనం, ఇక్కడ శాంథేట్) మోతాదు పెంచుతారు. ఇంకా తగ్గుతుంది. అప్పుడు షిఫ్టులో ఎవరో ఒకరు "సల్ఫైడైజ్ చేసి చూద్దామా" అంటారు, అంటే ఖనిజం మీద సల్ఫైడ్ పొర కట్టించి చూడటం. అలా కొనే 25 కిలోల సంచుల పసుపు ఫ్లేక్స్, కనీసం 60 శాతం సోడియం సల్ఫైడ్ ఉన్నవి, ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం. 70 శాతం సోడియం హైడ్రోసల్ఫైడ్ ఫ్లేక్స్‌తో పోలిక కూడా ఉంది. కంపెనీ పేరు ఇక్కడ పెద్ద తేడా చూపదు. సంచి ఎంత పాతది, ఎలా నిలవ ఉంచారు అన్నదే తేడా చూపుతుంది.

ముందే రేటింగ్ చెప్పేస్తే: సెరుసైట్ (సీసం కార్బొనేట్), మలకైట్ (రాగి కార్బొనేట్) ఉన్న ఓర్‌కు 5కి 4. పైపైన ఆక్సీకరణ చెందిన గెలీనా (సీసం సల్ఫైడ్), చాల్కోసైట్ (రాగి సల్ఫైడ్)లకు 3.5. ఇనుప హైడ్రాక్సైడ్ పూత పట్టిన చాల్కోపైరైట్ (రాగి-ఇనుము సల్ఫైడ్)కు 2. స్ఫాలరైట్ (జింక్ సల్ఫైడ్) సెలెక్టివిటీ చెడిపోయిందని, అంటే తేలకూడని చోట తేలుతోందని, కొంటే 1, అది కూడా ఎక్కువే.

ఇంత తేడా ఎందుకంటే, "ఓర్ ఆక్సీకరణ చెందింది" అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. రాగి చెంబుకు చిలుము పట్టినట్టు ఖనిజం పైన పూత ఏర్పడటం వాటిలో ఒకటి మాత్రమే. గెలీనా మీద సీసం సల్ఫేట్, కార్బొనేట్ ఏర్పడతాయి. చాల్కోపైరైట్ నుంచి ఇనుము ముందుగా బయటికొచ్చి హైడ్రాక్సైడ్‌గా దాని మీదే పరుచుకుంటుంది. రెండోది, ఖనిజమే మారిపోవడం: గెలీనా సెరుసైట్‌గా, రాగి సల్ఫైడ్ మలకైట్‌గా. మూడోది నీళ్ల జబ్బు. పైరైట్ (ఇనుము సల్ఫైడ్) గాలి, తేమతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నీ, కరిగిన ఇనుమునూ ఇస్తుంది. ఆ ఆమ్లంలో రాగి, సీసం అయాన్లు కరిగి పల్ప్‌లోకి (మెత్తగా నలిపిన ఓర్, నీళ్ల కలయికలోకి) వస్తాయి. అవి శాంథేట్‌తో అక్కడికక్కడే కలిసి దాన్ని తినేస్తాయి. రాగి అయాన్లయితే స్ఫాలరైట్ ఉపరితలం మీది జింక్ స్థానంలో కూర్చుని, తేలకూడని జింక్‌ను సీసం కాన్సంట్రేట్‌లోకి (తేల్చి తీసిన సరుకులోకి) లేపుతాయి. నాలుగోది స్లైమ్స్: శిథిలమైన రాయిలోని బంకమన్ను, మెత్తటి ఇనుప హైడ్రాక్సైడ్ అన్నిటినీ కప్పేస్తాయి.

సోడియం సల్ఫైడ్ మొదటి రెండిటికే మందు. మూడోదానికి సగం మందు. నాలుగోదానికి అసలు కాదు.

పనిచేసే తీరు సూటిగానే ఉంటుంది. నీళ్లలో పడగానే సల్ఫైడ్ హైడ్రోసల్ఫైడ్ అయాన్‌గా మారుతుంది, దాంతోపాటు క్షారాన్నీ వదులుతుంది. ఆ హైడ్రోసల్ఫైడ్ సెరుసైట్ లేదా మలకైట్ ఉపరితలం మీది కార్బొనేట్‌ను తోసేసి సీసం సల్ఫైడ్, రాగి సల్ఫైడ్ పొరను కడుతుంది. ఆ పొర మీద శాంథేట్ అతుక్కుంటుంది. మోతాదు కాస్త మించితే పల్ప్‌లో మిగిలిన హైడ్రోసల్ఫైడే శాంథేట్‌ను అతుక్కోనివ్వదు. రాగి-మాలిబ్డినమ్ వేరుచేసే ప్లాంట్లలో రాగిని అణచిపెట్టడానికి వాడేది కూడా ఈ కుటుంబపు రసాయనమే, సోడియం హైడ్రోసల్ఫైడ్. అంటే ఒకే సంచి తేలుస్తుంది, ముంచుతుంది. తేడా అంతా మోతాదులో, సమయంలో ఉంది.

కాబట్టి సంచి కొనేముందు ఒక పరీక్ష చేయాలి, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టుకుని కరిగించే రసాయనం) డైసోడియం లవణం 3 శాతం ద్రావణం చేసి, పీహెచ్ 7.5కు సర్ది, నత్రజని ఊది గాలి పోగొట్టండి. గ్రైండింగ్ అయిన వెంటనే మిల్లు నుంచి తీసిన పల్ప్ 25 మి.లీ.ను 250 మి.లీ. ద్రావణంలో వేసి 5 నిమిషాలు కలపాలి. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, దిగిన నీటిలో సీసం, రాగి, జింక్, ఇనుము ఎంతుందో ఏఏఎస్ (లోహాలను కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రం)లో చూడాలి. ఈడీటీఏ ఆక్సీకరణ పదార్థాలను కరిగిస్తుంది, సల్ఫైడ్ జోలికి దాదాపు పోదు. కాబట్టి మొత్తం సీసంలో ఎంత శాతం ఇలా కరిగిందో అదే ఆక్సీకరణ లెక్క. ఒకే ఒక్క అంకెకు అర్థం తక్కువ. అదే కుప్ప నుంచి వారం వారం తీసి చూస్తే అంకె ఎటు పాకుతోందో తెలుస్తుంది. పల్ప్ నీళ్లను విడిగా వడకట్టి, ఈడీటీఏ లేకుండా కూడా అవే లోహాలు చూడండి. లోహం నీళ్లలోనే ఎక్కువగా ఉంటే మీది మూడో జబ్బు, అప్పుడు ఈ సంచి కంటే పీహెచ్ సర్దుబాటుకు ముందు ఖర్చు పెట్టాలి.

ఒక జాగ్రత్త: ఈడీటీఏ తాజా ఇనుప హైడ్రాక్సైడ్‌ను కరిగిస్తుంది గానీ ఏళ్లుగా ముదిరిన గోథైట్‌ను అంత త్వరగా కరిగించదు. ఇనుము అంకె తక్కువొచ్చిందని పూత లేదనుకోకూడదు.

ఇక ల్యాబ్‌లో ఫ్లేక్స్ పరీక్ష. 8.3 గ్రాముల ఫ్లేక్స్‌ను నీళ్లలో కరిగించి 100 మి.లీ. చేస్తే 5 శాతం ద్రావణం వస్తుంది. ఒక మి.లీ.లో 50 మిల్లీగ్రాముల సోడియం సల్ఫైడ్ ఉంటుంది, అంటే కిలో ఓర్ ఉన్న సెల్ (ఫ్లోటేషన్ తొట్టి)లో ఒక్కో మి.లీ. టన్నుకు 50 గ్రాములకు సమానం. లెక్కకు ఇంత సుఖమైన బలం మరొకటి లేదు. ద్రావణం ఏ రోజుదారోజు చేసుకోవాలి. గాలి తగిలితే పాలీసల్ఫైడ్, థయోసల్ఫేట్‌గా మారుతూ పసుపు ముదురుతుంది. నిన్నటి సీసాతో ఇవాళ్టి టెస్టు చేసి "మందు పనిచేయలేదు" అని రాసేవాళ్లు చాలామంది.

సెల్‌లో వరుస ముఖ్యం. ముందు మామూలు శాంథేట్‌తో మిగిలున్న మంచి సల్ఫైడ్‌ను తేల్చి తీసేయాలి. ఆ టెయిల్స్‌కే (తేలకుండా మిగిలినదానికే) సోడియం సల్ఫైడ్. మొదట్లోనే పోస్తే బాగున్న గెలీనా, చాల్కోపైరైట్ కూడా కాసేపు మునుగుతాయి. ఓర్‌లో బంగారం ఉంటే ఈ వరుస మరీ ముఖ్యం, స్వేచ్ఛా బంగారాన్ని సోడియం సల్ఫైడ్ గట్టిగా అణచేస్తుంది. సల్ఫైడ్ మిగిలిన పల్ప్ సైనైడేషన్‌కు (సైనైడ్‌తో బంగారం కరిగించి తీయడానికి) వెళ్తే ఆక్సిజన్‌నూ సైనైడ్‌నూ రెండిటినీ తినేస్తుంది.

టెయిల్స్ పల్ప్‌లో సల్ఫైడ్ ఎలక్ట్రోడ్ ముంచండి. వెండి మీద వెండి సల్ఫైడ్ పొర ఉన్నది, డబుల్ జంక్షన్ రిఫరెన్స్‌తో. సింగిల్ జంక్షన్ అయితే సల్ఫైడ్ లోపలికి పాకి రిఫరెన్స్‌నే పాడుచేస్తుంది. మి.లీ. చొప్పున పోస్తూ, ఆక్సైడ్ రాగి ఓర్‌లకు మైనస్ 500 మిల్లీవోల్టుల దగ్గర నిలపాలి. ఈ పద్ధతిని 1970ల్లో ఆస్ట్రేలియాలో జోన్స్, వుడ్‌కాక్ గట్టిగా నిలబెట్టారు, ఆ అంకె ఇప్పటికీ మంచి మొదటి మెట్టు. పోసిన వెంటనే అంకె కిందికి పడి, నిమిషాల్లో మళ్లీ పైకి ఎగబాకుతుంది. ఖనిజం తాగుతోంది, గాలిలోని ఆక్సిజన్ కూడా కాస్త కాజేస్తోంది. మళ్లీ కొంచెం పోయాలి. ఒకేసారి 1000 గ్రాములు గుమ్మరించే బదులు 300, 200, 200గా విడగొట్టి, ప్రతి విడతకూ శాంథేట్ వేసి తేలిస్తే తక్కువ మందుతో ఎక్కువ లోహం వస్తుంది. శాంథేట్‌లో అమైల్ రకం దీనికి సరిగ్గా సరిపోతుంది, ఈథైల్ బలం చాలదు.

మోతాదు మించిందని నురగ చూసే చెప్పొచ్చు. బుడగలు శుభ్రంగా, బోలుగా, ఖనిజం లేకుండా వస్తాయి. కంగారుపడి మరింత శాంథేట్ వేయకండి. ఇంపెల్లర్ తిప్పుతూ కొన్ని నిమిషాలు గాలి పెట్టండి. ఎలక్ట్రోడ్ అంకె పైకి వచ్చేకొద్దీ బుడగలు నల్లబడటం మొదలవుతుంది.

ఎలక్ట్రోడ్ లేకపోతే లెడ్ అసిటేట్ కాగితం ఉంది. వడకట్టిన నీటి చుక్కకు కాగితం నల్లబడితే సల్ఫైడ్ మిగిలి ఉన్నట్టే. ప్లాటినం ఓఆర్‌పీ (ఆక్సీకరణ-క్షయకరణ పొటెన్షియల్) ఎలక్ట్రోడ్‌ను దీనికి నమ్మొద్దు, అది పల్ప్‌లోని ప్రతిదానికీ తలూపుతుంది.

ఇప్పుడు ప్రాణాల సంగతి. ఈ సంచి అవసరమయ్యే ఓర్‌కే పల్ప్ పీహెచ్ సహజంగా తక్కువ. పైరైట్ ఎక్కువుండి, కార్బొనేట్ రాయి లేని కుప్ప వర్షాకాలం గడిచాక మిల్లులోకి వస్తే పీహెచ్ 4, 5 దగ్గర ఉండటం వింతేమీ కాదు. పీహెచ్ 7 దగ్గర హైడ్రోసల్ఫైడ్‌లో సగం హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష వాయువుగా ఉంటుంది. 10 దగ్గర వెయ్యిలో ఒక వంతు. కాబట్టి పీహెచ్ 9.5 దాటాకే వాల్వు తెరవాలి, ఆ ఇంటర్‌లాక్ (అంతవరకు వాల్వు తెరుచుకోనివ్వని ఏర్పాటు) కాగితం మీద కాకుండా పంపు ప్యానెల్‌లో ఉండాలి. ఆ గ్యాస్ సుమారు 100 పీపీఎం దగ్గర ఉంటే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, అదే ప్రాణం మీదికి వచ్చే స్థాయి కూడా. "వాసన రావట్లేదు కాబట్టి పర్లేదు" అన్న మాట ఈ రీఏజెంట్ దగ్గర చెల్లదు. సెల్స్ మీద నడిచేవాళ్లకి 10 పీపీఎంకు మోగే మీటర్ చొక్కాకు ఉండాల్సిందే. సంప్‌లో, టన్నెల్‌లో ఇంకా ఎక్కువ జాగ్రత్త, గాలి కంటే బరువైన గ్యాస్ అక్కడే చేరుతుంది.

పీహెచ్ పెంచడానికి రాగి ఓర్‌కు సున్నం సరిపోతుంది. సీసానికి సున్నం ఎక్కువైతే గెలీనా, సెరుసైట్ రెండూ ముడుచుకుంటాయి, అక్కడ సోడా యాష్ వాడండి. అది కరిగిన కాల్షియాన్ని కూడా దించుతుంది. సల్ఫేట్ నిండిన నీటికి సున్నం కలిపితే జిప్సం కట్టి ఖనిజం మీద మరో పూత వేస్తుంది, పాత పూత తీయబోయి కొత్తది తగిలించినట్టవుతుంది. పల్నాడులో అగ్నిగుండాల పట్టీలోని బండలమొట్టు సీసంలా డోలమైట్‌లో ఉన్న గెలీనాకు ఆమ్లం బాధ తక్కువ, రాయే దాన్ని చంపేస్తుంది. అలాంటి చోట శిథిలమైన గెలీనా సెరుసైట్ వైపు వెళ్తుంది కాబట్టి ఈ ఫ్లేక్స్‌కు అది అనుకూలమైన ఓర్. మలంజ్‌ఖండ్ లాంటి రాగి గనుల పై పొరల్లో మలకైట్, చాల్కోసైట్ కలిసి కనిపిస్తాయి, అక్కడ విడతల డోసింగ్ విలువ బాగా తెలుస్తుంది.

పనిచేయని చోట్లు కూడా చెప్పుకోవాలి. క్రైసోకొల్లా రాగి సిలికేట్, దాని మీద సల్ఫైడ్ పొర నిలవదు. గోథైట్, లిమొనైట్‌లో కలిసిపోయిన రాగి, ప్లంబోజారోసైట్‌లోని సీసం దాదాపు రావు. ఇలాంటి టెయిల్స్‌ను సల్ఫైడ్‌తో తేల్చబోవడం కంటే లీచింగ్ (లోహాన్ని ద్రావణంలో కరిగించి తీయడం) వైపు చూడటం మేలు. స్మిత్‌సోనైట్, హెమిమార్ఫైట్ లాంటి ఆక్సైడ్ జింక్‌కు సల్ఫైడ్ చాలా ఎక్కువ పడుతుంది, కలెక్టర్ కూడా శాంథేట్ కాదు, అమైన్. పైగా అమైన్‌కు స్లైమ్స్ అంటే పడదు.

చాల్కోపైరైట్ మీది ఇనుప పూతకు 2 ఇచ్చింది ఎందుకంటే, అక్కడ రసాయనం కంటే రాపిడి బాగా పనిచేస్తుంది. రఫర్ (మొదటి దశ ఫ్లోటేషన్) ముందు గట్టి పల్ప్‌లో, 60 నుంచి 70 శాతం ఘనపదార్థంతో, కొద్ది నిమిషాలు అట్రిషన్ (రేణువులు ఒకదానికొకటి రాపిడి పడేలా కలపడం) చేసి, తర్వాత పల్చబరిచి స్లైమ్స్ తీసేస్తే సంచి తెరవకుండానే చాలావరకు రికవరీ తిరిగొస్తుంది. స్ఫాలరైట్‌కు 1 ఇవ్వడానికి కారణం వేరు. నీళ్లలో కరిగున్న రాగిని సోడియం సల్ఫైడ్ దించుతుంది, కానీ ఇప్పటికే స్ఫాలరైట్ మీద కూర్చున్న రాగిని కదిలించలేదు. దానికి సైనైడ్ కావాలి, లేదా జింక్ సల్ఫేట్, సోడా యాష్, మెటాబైసల్ఫైట్ కలయికతో తంటాలు పడాలి.

పైరోటైట్ (మరో రకం ఇనుము సల్ఫైడ్) ఎక్కువున్న ఓర్ అయితే ఇంకో తలనొప్పి. పైరైట్ కంటే అది పదుల రెట్లు వేగంగా ఆక్సీకరణ చెందుతుంది, కుప్పలోనే వేడెక్కుతుంది, పల్ప్‌లో ఆక్సిజన్ మిగలనివ్వదు. శాంథేట్ పనిచేయాలంటే ఆక్సిజన్ కావాలి. అలాంటి పల్ప్‌కు సల్ఫైడ్ పోస్తే ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా పోతుంది. ముందు గాలి పెట్టండి, కరిగిన ఆక్సిజన్ కొలవండి, తర్వాతే మిగతా మాట.

హైడ్రోసల్ఫైడ్‌తో పోలికకు వద్దాం. 60 శాతం సోడియం సల్ఫైడ్ కిలోలో 7.7 మోల్స్ సల్ఫైడ్ ఉంటుంది, 70 శాతం హైడ్రోసల్ఫైడ్ కిలోలో 12.5. అంటే హైడ్రోసల్ఫైడ్ ధర కిలోకు 1.6 రెట్ల లోపు ఉంటే సల్ఫైడ్ లెక్కన అదే చవక. కానీ అది వదిలే క్షారం తక్కువ, పీహెచ్ కోసం సున్నమో సోడానో విడిగా పోయాలి. ఆమ్లపు ఓర్‌కు సోడియం సల్ఫైడ్‌దే పైచేయి. పీహెచ్ ఇప్పటికే 10 పైనున్న ప్లాంటుకు హైడ్రోసల్ఫైడ్ తీసుకోండి, కాంగోలోని ఆక్సైడ్ రాగి కాన్సంట్రేటర్లు ఆ దారిలోనే నడిచాయి. గంటకు 40 టన్నుల ప్లాంటు, టన్నుకు 500 గ్రాముల మోతాదు అనుకుంటే గంటకు 33 కిలోల ఫ్లేక్స్, రోజుకు 32 సంచులు. ఇది సరదాగా ప్రయత్నించే పరిమాణం కాదు, గోదాము, మిక్సింగ్ ట్యాంకు, మనుషులు అన్నీ కావాలి.

మిక్సింగ్ ట్యాంకులో 10, 12 శాతానికి మించి బలం పెట్టొద్దు. అంతకంటే చిక్కగా చేస్తే చలికాలం తెల్లవారుజామున పైపులో స్ఫటికాలు కడతాయి. ట్యాంకు మైల్డ్ స్టీల్ లేదా హెచ్‌డీపీఈ. ఇత్తడి వాల్వు, జీఐ పైపు, అల్యూమినియం నిచ్చెన ఏదీ దగ్గర ఉండకూడదు. కాపర్ సల్ఫేట్‌కు వాడిన ట్యాంకునో లైనునో కడిగి దీనికి వాడదామనుకుంటారు, మిగిలిన చుక్కలతోనే నల్లటి బురద కట్టి డోసింగ్ పంపు మూసుకుపోతుంది. మెటాబైసల్ఫైట్ సంచులు ఆమ్ల గుణం కలవి, వాటిని వేరే గదిలో పెట్టండి.

సంచి విషయంలోనే ఎక్కువ మార్కులు పోయాయి. ఓర్‌ను పాడుచేసే గాలి, తేమ ఈ ఫ్లేక్స్‌నూ అలాగే పాడుచేస్తాయి. లోపలి ప్లాస్టిక్ కవరు చిరిగితే తేమ పీల్చి గడ్డకడతాయి, కార్బన్ డయాక్సైడ్‌తో సోడా అవుతాయి, గ్యాస్ వదులుతాయి. విశాఖ, నెల్లూరు లాంటి తీరప్రాంతపు గోదాముల్లో తెరిచిన సంచిని ఆ షిఫ్టులోనే అవగొట్టాలి.

వచ్చిన లాట్‌ను అయోడిన్‌తో పరీక్షించడం పది నిమిషాల పని. 10 గ్రాముల ఫ్లేక్స్ లీటరు చేసి, అందులో 10 మి.లీ.ను, ముందే ఆమ్లం కలిపి ఉంచిన 25 మి.లీ. 0.1 నార్మల్ అయోడిన్‌లోకి పోయండి. అటుది ఇటు చేస్తే, అంటే నమూనాకే ఆమ్లం కలిపితే, సల్ఫైడ్ గ్యాస్‌గా ఎగిరిపోతుంది, మీ ముక్కుకూ ప్రమాదం. మిగిలిన అయోడిన్‌ను థయోసల్ఫేట్‌తో, స్టార్చ్ పెట్టి టైట్రేట్ చేయాలి. ఖర్చయిన ప్రతి మి.లీ. అయోడిన్‌కు 3.9 మిల్లీగ్రాముల సోడియం సల్ఫైడ్. 60 శాతం సరుకైతే 15.4 మి.లీ. ఖర్చవుతుంది. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పాతబడిన ఫ్లేక్స్‌లోని థయోసల్ఫేట్ కూడా అయోడిన్‌ను తాగుతుంది కాబట్టి పాత సరుకు కూడా కాస్త మంచిదానిలా కనిపిస్తుంది. మరో నమూనాకు జింక్ అసిటేట్ కలిపి సల్ఫైడ్‌ను తెల్లటి అవక్షేపంగా దించి, వడకట్టి, ఆ నీటిని విడిగా టైట్రేట్ చేసి తీసివేస్తే అసలు అంకె బయటపడుతుంది.

ఇనుము 10 పీపీఎం, 30 పీపీఎం అంటూ గ్రేడ్‌కో ధర చెబుతారు. ఆ తేడా రంగుల పరిశ్రమకూ తోళ్ల పరిశ్రమకూ కావాలి. టన్నుల కొద్దీ పైరైట్ నలిగే పల్ప్‌లో ఆ పీపీఎంలకు విలువ లేదు, ఎక్కువ ఇనుమున్న చవక గ్రేడ్ తీసుకోండి. కొనుగోలు ఆర్డరులో మాత్రం తయారీ తేదీ, కవరు మందం, థయోసల్ఫేట్ గరిష్ఠ పరిమితి రాయించండి. మొదటిసారి ఒక వారానికి సరిపడా మాత్రమే తెప్పించి, టెయిలింగ్ డ్యామ్ నుంచి తిరిగొచ్చే నీటిలో సల్ఫైడ్, థయోసల్ఫేట్ ఎంత మిగులుతున్నాయో రోజూ చూడండి. ఆ నీరే మిల్లు ముందుకు వెళ్తుంది, మొదటి రఫర్‌లో మంచి సల్ఫైడ్ రికవరీ కారణం తెలియకుండా తగ్గడం మొదలైతే ముందు అనుమానించాల్సింది దాన్నే.